పై కాపీ హేగ్‌కు

"వాళ్ళు నీకు పైసలిస్తరా, నువ్వే వాళ్ళకియ్యాల్నా?"

ఈ ప్రశ్న వేసింది రామచందర్, జహీరాబాదు మున్సిఫ్ కోర్టులో అందరికంటే పాత వకీలు. వేయించుకున్నది గురులింగప్ప, అప్పటికి కొన్నేళ్ళుగా అదే కోర్టులో నల్లకోటు వేసుకుంటున్నవాడు. సంవత్సరం 1974. ఇద్దరి మధ్యా బార్ రూము బల్ల మీద అట్ట ఊడిపోయిన లావుపాటి పత్రిక ఒకటి పడి ఉంది. అంతర్జాతీయ న్యాయశాస్త్రం మీద హేగ్ నగరంలో అచ్చయ్యే పత్రిక. అందులో తన వ్యాసం రావాలని గురులింగప్ప అప్పుడే నోరు జారాడు.

"ఎవలూ ఎవలకూ ఇయ్యరు సార్," అన్నాడు.

"మరి రాసెటోళ్ళు ఏం దిని బతుకుతరు?"

"వాళ్ళు ప్రొఫెసర్లు. జీతాలొస్తయి."

"నీకేమొస్తదిరా? మోరీ కేసుకు వాయిదా వస్తది. పో, పేరు పిలుస్తున్నరు."

మోరీ కేసు నిజమే. ఇద్దరు పక్కింటివాళ్ళు ఒక మురుగుకాల్వ కోసం మూడు తరాలుగా కొట్లాడుకుంటున్నారు. గురులింగప్ప తిండి అలాంటి కేసుల మీదే నడిచింది. బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి దగ్గర లారీ కింద పడినవాళ్ళ నష్టపరిహారాలు, గట్టు జరిపిన అన్నదమ్ముల తగాదాలు, ధాన్యం అంగడి గంజ్‌లో అడ్తి బాకీలు. తండ్రికి అదే గంజ్‌లో, కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉండేది. కొడుకు బెల్లం తూచకుండా హైదరాబాదు వెళ్ళి లా చదివి వచ్చాడని ఆయన చివరిదాకా సణిగాడు.

తరువాతి కాలంలో గురులింగప్పకు ఊళ్ళో ఒక సన్మానం జరిగింది. మారుమూల పట్టణంలో వెలిగిన జ్ఞానదీపమని చదివారు, శాలువా కప్పారు. దీపమన్నాక ఒకచోట కదలకుండా ఉండాలి. ఈ మనిషి ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు లేరు. కోర్టు నుంచి పోస్టాఫీసుకు, అక్కడి నుంచి బస్టాండుకు, మళ్ళీ పోస్టాఫీసుకు. టపా సంచి ఇంకా విప్పకముందే కిటికీ దగ్గర నిలబడి సార్టింగు చేసేవాళ్ళ వేళ్ళ వైపు చూసేవాడు. ఇంట్లో అన్నం నిలబడి తినేవాడు.

"కూసోని తినుండ్రి," అనేది భార్య గిరిజమ్మ. "అన్నమేమన్న పారిపోతదా?"

"టపా వచ్చె యాళ్ళయింది."

"టపా పొద్దున్నే వచ్చింది. మీరే చూసొచ్చిన్రు."

ఈ హేగ్ పిచ్చి పట్టింది పుస్తకాల వల్ల కాదు. కేసు వల్ల పట్టింది.

న్యాల్‌కల్ అవతల మహాదేవప్ప అని ఒక రైతు ఉండేవాడు. ఆయన మెట్టచెలక ఇటుపక్క, ఆ చెలకకు నీళ్ళిచ్చే బావి అటుపక్క. 1956కు ముందు రెండూ బీదర్ జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి ఇటు, అటు అనే మాటే లేదు. రాష్ట్రాలు పంచుకున్నాక గీత సరిగ్గా చెలకకూ బావికీ మధ్యగా పోయింది. పదిహేనేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. డెబ్భై రెండు కరువులో బావి పక్క భూమివాళ్ళు దారికి ముళ్ళకంప వేసి, నీళ్ళు మా రాష్ట్రానివి అన్నారు. మహాదేవప్ప గురులింగప్ప దగ్గరికొచ్చాడు. బావి మా హద్దులో లేదంది జహీరాబాదు కోర్టు. అది సరైన మాట. బీదర్‌లో దావా వేస్తే, పొలంతోపాటు బావి మీద హక్కు వస్తుందని కాగితం చూపమన్నారు. పొలం కాగితాలు వేరే రాష్ట్రంలో, వేరే భాషలో ఉన్నాయి. అదీ సరైన మాటే. ఈ రెండు సరైన మాటల నడుమ ఆ ఏటి జొన్న ఎండిపోయింది.

"గీత గీసినోళ్ళు మనుషులకు జెప్పిన్రు, మాకు తెల్సింది," అన్నాడు మహాదేవప్ప. "నీళ్ళకు ఎవలు జెప్పాలె వకీల్ సాబ్?"

జవాబు దొరకని ప్రశ్న మిగిలితే గురులింగప్పకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టు ఉండేది. ఆదివారాలు హైదరాబాదు వెళ్ళి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలు తిరగేశాడు. అక్కడ దొరికాయి హేగ్ పత్రిక సంచికలు. అమ్మేవాడు అట్టలు చింపి వేరుగా అమ్ముకుంటాడు కాబట్టి అన్నీ బోడి సంచికలే. లోపల మాత్రం గురులింగప్పకు కావలసింది ఉంది. దేశాల మధ్య గీత పడినప్పుడు అవతల మిగిలిపోయిన బావులు, మేత బీళ్ళు, శ్మశానానికి దారులు ఎవరివి అని పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఒకరినొకరు తిట్టుకుంటూ రాసిన వ్యాసాలు. రోమ్ మొదలు ఆఫ్రికా దాకా ఎన్నో ఉదాహరణలు. న్యాల్‌కల్ లేదు. గురులింగప్పకు ఆ లోటు కనబడింది.

మొదటి వ్యాసం 1975లో హేగ్‌కే పంపాడు. ఏడాది దాటాక తిరిగొచ్చింది. ఇది ఒకే దేశంలోని రెండు రాష్ట్రాల హద్దు, అంతర్జాతీయం కాదు, అని రెండు వాక్యాలు. బార్ రూములో ఆ ఉత్తరం పట్టుకుని గురులింగప్ప గిరగిరా తిరిగాడు.

"హద్దు కాకుంటె చెక్‌పోస్టు కాడ బండి ఎందుకు ఆపుతున్నరు సార్? ముళ్ళకంప ఎందుకేసిన్రు?"

"నన్నడుగుతవేందిరా," అన్నాడు రామచందర్. "నేనేసిన్నా ముళ్ళకంప?"

రెండో వ్యాసం రాయడానికి రెండేళ్ళు పట్టింది. ఈసారి న్యాల్‌కల్‌ను ప్రపంచం పక్కన నిలబెట్టాడు. ఎక్కడ గీత పడినా పొలంతోపాటు నడిచి వచ్చే హక్కులు కొన్ని ఉంటాయి, అవి గీత దగ్గర ఆగవు అని వాదన. దానికి సాక్ష్యంగా ఎల్లమావాస్యను తెచ్చాడు. ఆ రోజు ఆ పల్లెల్లో ఇంటిల్లిపాదీ జొన్నరొట్టెలు, భజ్జి కూర, అంబలి కట్టుకుని పొలానికి పోతారు. రైతు తన భూమి చుట్టూ తిరుగుతూ అంబలి చల్లుతాడు. మహాదేవప్ప ఇప్పటికీ తన చెలకతోపాటు అవతలి రాష్ట్రంలోని బావి చుట్టూ కూడా తిరిగి చల్లుతున్నాడు. కంప వేసినవాళ్ళు సైతం ఆ ఒక్క పూట కంప జరిపి దారిస్తున్నారు. అంటే హక్కు ఉందని వాళ్ళూ ఒప్పుకుంటున్నట్టే కదా అంటుంది వ్యాసం. దీన్ని మన పల్లెల పవిత్ర సంస్కృతి అని ఎవరైనా పొగడబోతే గురులింగప్ప మధ్యలోనే తుంచేసేవాడు. "సంస్కృతి కాదు, కబ్జా రుజువు," అనేవాడు. కోర్టు భాషలో కబ్జా అంటే స్వాధీనం.

సరిగ్గా అప్పుడే, 1978లో, ఆ వ్యాసానికి ఒక ధర వచ్చి పడింది. బీదర్‌లో కొత్తగా లా కాలేజీ పెట్టబోతున్నారు. కమిటీ సెక్రటరీ శరణప్ప, నూనె మిల్లు యజమాని. గిరిజమ్మ పుట్టిల్లు బీదరే కాబట్టి ఆమె అన్న ద్వారా మాట వెళ్ళింది. శరణప్ప సూటిగా చెప్పాడు.

"మీకు పై డిగ్రీ లేదు వకీల్ సాబ్. విదేశం పత్రికల మీ వ్యాసం వస్తదని ఒక్క కాయిదం తెండ్రి. ఫైల్ల పెట్టుకోని జూలైల తీసుకుంట."

నెల జీతం. మోరీ కేసులు లేవు. అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెప్పి దానికే జీతం తీసుకునే ఉద్యోగం జిల్లా మొత్తానికి అదొక్కటే. గురులింగప్ప నిద్ర అంతటితో పోయింది. నవంబరులో పంపితే జూలైలోగా జవాబు రావాలి. మొన్నటి జవాబుకు ఏడాది పైన పట్టింది.

బస్టాండు దగ్గర పీటర్‌కు టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. పొద్దున పిల్లలకు నేర్పేవాడు, పగలంతా అర్జీలు కొట్టేవాడు. వ్యాసం చేతిరాత ప్రతిని గురులింగప్ప అతని ముందు పెట్టాడు.

"ఎన్ని కాపీలు సార్?"

"మూడు. హేగ్‌కొకటి, లండన్‌కొకటి, జెనీవాకొకటి."

పీటర్‌కు అందులో వింతేమీ తోచలేదు. తోచాల్సిన పనీ లేదు. కరెంటు స్తంభం కావాలన్నా, పింఛను రాకపోయినా, అర్జీ ఒక్క దఫ్తరుకు ఇచ్చేవాడు ఆ తాలూకాలో లేడు. తహసీల్దారుకు ఒకటి, కలెక్టరుకు ఒకటి, మంత్రికి ఒకటి. కింద ఎవరెవరికి ప్రతులు వెళ్ళాయో రాస్తేనే అర్జీకి బరువు.

"ఒక్కరికే ఇస్తే ఏమైతదో చెప్పు పీటర్."

"ఫైల్ల కింద పడ్తది సార్."

"ముగ్గురికిస్తే?"

"పక్కోడు చూసిండేమో అని ముగ్గురూ చూస్తరు."

"గదే."

కార్బన్లు పెట్టి కొట్టడం మొదలుపెట్టాక అసలు చిక్కు వచ్చింది. "పై కాపీ ఎవలకు సార్? కింది రెండూ మసకగ వస్తయి," అన్నాడు పీటర్. గురులింగప్ప ఇన్‌స్టిట్యూటులో అటూ ఇటూ తిరిగాడు. అంతర్జాతీయ కోర్టు ఉండే ఊరు కాబట్టి పై కాపీ హేగ్‌కే దక్కింది. రెండోది లండన్‌కు. మూడోది ఎంత మసకగా వచ్చిందంటే, చదవగలిగే ప్రతి పంపండని జెనీవా వాళ్ళు తిప్పి పంపేశారు. కథలో ఇక వాళ్ళ ప్రసక్తి లేదు.

వ్యాసంతో జతపెట్టిన ఉత్తరం ముగ్గురికీ ఒకటే, పైన చిరునామా మాత్రం వేరు. అడుగున పద్ధతి ప్రకారం మూడు పత్రికల పేర్లూ వరుసగా రాసి, తగు చర్య నిమిత్తం ప్రతులు పంపడమైనది అని టైపు చేయించాడు. దాచలేదు. దాచాలన్న ఊహే రాలేదు. మిగతావాళ్ళకు కూడా వెళ్ళిందని తెలిస్తే హేగ్ వాళ్ళు తొందరపడతారని ఆయన లెక్క.

హేగ్ వాళ్ళు నిజంగానే తొందరపడ్డారు. మార్చిలో ఉత్తరం వచ్చింది. పోస్టాఫీసు కిటికీ దగ్గరే చించి చదివాడు. వ్యాసం స్వీకరించాం, అంబలి చల్లే రైతు ఉన్న పేజీ పరిశీలకుడికి ప్రత్యేకంగా నచ్చింది, సెప్టెంబరు సంచికలో వేస్తాం. ఏప్రిల్ చివర పొడుగాటి ప్రూఫు కాగితాలు కూడా వచ్చాయి. గురులింగప్ప వాటిని బార్ రూము బల్ల మీద పరిచాడు. రామచందర్ కళ్ళద్దాలు తుడుచుకుని న్యాల్‌కల్ అన్న మాట ఎక్కడుందో వెతికి, వేలు పెట్టి చూశాడు.

"అచ్చంగ అచ్చేసిన్రు కదరా!" అన్నాడు. "ఇంతకీ పైసలు?"

"ఇయ్యరు సార్."

"నిన్నడగలే గద?"

"లే."

"అయితె బరాబరే."

స్వీకరణ ఉత్తరం పట్టుకుని బీదర్ వెళితే శరణప్ప దాన్ని చదవకుండానే ఫైల్లో గుచ్చి, నకలు చేతికిచ్చి ఇంటికి పంపించాడు. జూలై ఒకటి నుంచి రమ్మన్నాడు. గిరిజమ్మ అన్నకు చెప్పి బీదర్‌లో ఇల్లు చూడమంది. ప్రూఫులు దిద్ది పంపేశాక గురులింగప్పకు చేయాల్సిన పని ఏమీ మిగల్లేదు. అయినా రోజూ పోస్టాఫీసుకు వెళ్ళాడు. వెళ్ళకపోతే కాళ్ళు లాగేవి.

జూన్ మూడో వారంలో హేగ్ నుంచి ఇంకో కవరు వచ్చింది. అదే వ్యాసం తమ పరిశీలనలోనూ ఉందని లండన్ పత్రిక సంపాదకులు రాశారట. రచయిత పేరు పరిశీలకులకు తెలియకూడదని హేగ్ ఆఫీసులో జత ఉత్తరాన్ని వ్యాసం నుంచి ఊడదీసి పక్కన పెడతారు. అడుగున ఉన్న మూడు పేర్లు అందుకే ఎవరి కంటా పడలేదు. లండన్‌లో చదివారు. ఒక వ్యాసాన్ని ఒకేసారి ఒక పత్రికకు మించి పంపకూడదన్నది నియమం. ప్రతి సంచిక అట్ట లోపలి పేజీలో అచ్చయి ఉంటుంది. కాబట్టి వ్యాసాన్ని ఉపసంహరిస్తున్నాం. రచయిత కారణంగా ఆగిపోతే అచ్చు కూర్పు ఖర్చు రచయితదే అని కూడా అదే పేజీలో ఉంది. బిల్లు జతపరచడమైనది. నూట ముప్పై గిల్డర్లు, అంటే వాళ్ళ దేశపు డబ్బు.

గురులింగప్ప ఇంటికొచ్చి తన దగ్గరున్న సంచికలన్నీ తిరగేశాడు. ఒక్కదానికీ అట్ట లేదు.

ఇప్పుడు సంగతి చాలా తేలిక. బీదర్ ఫైల్లో ఉన్నది మార్చి ఉత్తరం. జూన్ ఉత్తరం సంగతి జహీరాబాదులో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. హేగ్ పత్రిక బీదర్‌కు రాదు. శరణప్ప జన్మలో దాన్ని తెరవడు. జూలై ఒకటికి వెళ్ళి పాఠం మొదలుపెడితే అడిగే నాథుడు లేడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సెక్కి బీదర్ వెళ్ళి, శరణప్ప ముందు జూన్ ఉత్తరం పెట్టాడు.

సన్మానపత్రంలో దీన్ని నిజాయితీ అని రాశారు. ఆ గదిలో జరిగిన మాటలు గురులింగప్పే తరువాత చాలామందికి చెప్పాడు, ఒక్కసారి కూడా నిజాయితీ అనే మాట వాడలేదు.

"ఇది చదువుండ్రి సావ్‌కార్. ఏం రాసిన్రో చూడున్రి."

"మీరే చెప్పున్రి. అచ్చయితదా, కాదా?"

"కాదు. గని నా మాటినుండ్రి. నేను దాచిపెట్టిన్నా? కింద ముగ్గురి పేర్లు రాసిన. రాసినంక అది మోసమెట్లయితది? వాళ్ళ దఫ్తర్ల కాయిదం వాళ్ళే ఊడదీసుకుంటె బాధ్యత ఎవలది?"

"నన్నెందుకు అడుగుతున్నరు?"

"మీరే చెప్పాలె. తప్పెవలది?"

శరణప్ప ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను నూనె తీసెటోన్ని వకీల్ సాబ్. తప్పొప్పులు నాకెర్క లేదు. నాకు ఫైల్ల పెట్టెటందుకు ఒక్క కాయిదం గావాలె అన్న. ఉండె. మంచిగుండె. ఇప్పుడు రెండు జేసిన్రు. రెండోది మొదటిదాన్ని తింటున్నది. నేనేం జెయ్యాలె?"

"పాఠం చెప్పెటందుకు పనికొస్తనా, రానా? గది చూడున్రి."

"పనికొస్తరు. ఇది కమిటీల చెప్పిన్ననుకోండ్రి, అందరు నవ్వుతరు. పోయి రాండ్రి."

సాయంత్రం ఇంట్లో గిరిజమ్మ అప్పటికే సగం సామాను కట్టి ఉంచింది. జరిగింది విని, విప్పడం మొదలుపెట్టింది.

"చూపియ్యకుంటె ఏమయ్యేది?"

"ఏం గాకపోయేది."

"మరి ఎందుకు చూపించిన్రు?"

"వాళ్ళు రాసింది తప్పని చెప్పెటందుకు."

"ఎవలకు? నూనె మిల్లాయనకా?"

ఆయన గుమ్మం దగ్గర నిలబడి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు, తీశాడు.

"మీకు నౌకరీ వద్దు," అంది గిరిజమ్మ. "గెలుసుడు గావాలె. అవతల మనిషెవలైనా సరే." గిన్నెలు మళ్ళీ అలమారలో పెట్టేసింది. ఆ మాట ఇంకెప్పుడూ అనలేదు. అనకపోవడం మరీ కష్టంగా ఉండేదని ఆయనే అన్నాడు.

ఆ కాలేజీ మూడేళ్ళు నడిచి మూతపడింది. దాన్ని కూడా కొందరు దైవన్యాయం కింద జమకట్టారు. మూతపడింది పిల్లలు చేరక. గురులింగప్ప చేరి ఉంటే మూడేళ్ళ జీతం అందేది, అంతే తేడా.

మహాదేవప్ప బావి సంగతీ చెప్పాలి. ఎనభై ఒకటిలో ఆయన లోను తీసుకుని తన చెలకలోనే బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. కేసు వదిలేద్దామని చెప్పడానికి వచ్చినప్పుడు గురులింగప్ప మొహం చూసి భయపడ్డాడట.

"పాణం బాగలేదా వకీల్ సాబ్?"

"బాగుంది. ఇగ బావి చుట్టు అంబలి చల్లుడు బందా?"

"బంద్ ఎందుకు జేస్త? బావి నాదే గద."

ఈ ఒక్క మాటను ఇంకో వ్యాసంలో పెట్టాడు. ఎనభైల్లో ఇంకా కొన్ని రాశాడు. ఇప్పుడు ఒక్కొక్క పత్రికకే పంపేవాడు, ఒక్కొక్క జవాబుకు ఏడాది పోస్టాఫీసు చుట్టూ తిరిగేవాడు. పంపినవన్నీ వెనక్కే వచ్చాయి. హేగ్‌కు మాత్రం మళ్ళీ పంపలేదు. వాళ్ళ బాకీ తీర్చకుండా ఏ మొహంతో పంపడం అనేది ఆయన మాట. ఉపసంహరణ తప్పని ఎంత వాదించేవాడో, బిల్లు సరైనదని అంత గట్టిగా ఒప్పుకునేవాడు. ఎవరో కంపోజిటరు కూర్చుని ఒక్కొక్క అక్షరం పేర్చాడు, న్యాల్‌కల్ అనే మాట కూడా పేర్చాడు, ఆ కూలి ఎగ్గొట్టడానికి ఏ వాదనా లేదని.

తీర్చడం కుదరలేదు. విదేశానికి డబ్బు పంపాలంటే అనుమతి కావాలి. ఊళ్ళో బ్యాంకు మేనేజరు ఫారం ముందేసుకుని అడిగాడు.

"ఏం సరుకు తెప్పించుకున్నరు సార్?"

"సరుకేం లేదు. అచ్చు కూర్పు ఖర్చు."

"ఆ పుస్తకం జత చెయ్యాలె."

"అచ్చు కాలే."

"అచ్చు కానిదానికి అచ్చు ఖర్సా?" మేనేజరు ఫారం వెనక్కి నెట్టాడు. "పంపింది మీరు. అట్లయితె వాళ్ళే మనకియ్యాలె గద?"

రామచందర్ ఆ ఒక్క మాట కోసం బ్యాంకు దాకా నడిచి వచ్చి మేనేజరుతో చెయ్యి కలిపి వెళ్ళాడు.

చివరికి అనుమతిచ్చే పై దఫ్తరుకు గురులింగప్పే స్వయంగా దరఖాస్తు రాశాడు. పీటర్ కార్బను కాగితాలు తీసి ఎప్పటిలాగే అడిగాడు, "ఎన్ని కాపీలు సార్?"

"ఒక్కటే."

"ఒక్క దఫ్తర్‌కేనా? కింద పడ్తది సార్."

"పడనియ్. ఒక్కటే కొట్టు."

పైన ఒక్క చిరునామా, అడుగున ప్రతుల వరుస లేదు. దానికి జవాబు రాలేదు. ఏడాదికోసారి గుర్తుచేస్తూ రాశాడు, ఆ ఉత్తరాలూ ఒక్కరికే. పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడటం మానలేదు.

1989 డిసెంబరు నాటికి, జహీరాబాదు వకీలు గురులింగప్ప హేగ్‌లోని పత్రికకు నూట ముప్పై గిల్డర్లు బాకీ ఉన్నాడు.